నర్సయ్య కాక గీసిన కొత్త గడి

రెండు మూడు వందల మంది ఒకే హాలులో కూర్చుని ఒకేసారి కార్డులు కలిపితే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. మొన్న హైదరాబాదులో మా కార్డుల ఆట జాతీయ పోటీల మొదటి రోజు ఉదయం, మైకులో "మొదలుపెట్టండి" అనగానే ఆ చప్పుడు లేచింది. మెడలో జడ్జి పట్టీ వేసుకుని బల్లల మధ్య తిరగాల్సిన నేను అక్కడే ఆగిపోయాను. మా సిరిసిల్లలో పొద్దున కరెంటు రాగానే గల్లీలో మగ్గాలు ఒక్కొక్కటే అందుకునే చప్పుడు అది. ఏటా వింటాను, ఏటా ఇలాగే ఒక నిమిషం పాటు ఎందుకూ పనికిరాకుండా పోతాను. తోటి జడ్జీలు నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీ, వాళ్లు నర్సయ్య కాకను చూడలేదు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, తలలో ఎప్పుడూ నూలు దూది, చొక్కా జేబులో చిన్న కత్తెర. ఏళ్ల తరబడి మగ్గాల మోత విని చెవులు మందగించాయి కాబట్టి మామూలు మాట కూడా గల్లీ చివరిదాకా వినపడేలా చెప్పేవాడు. ఆయన ఇంట్లో గుట్టు అనేది ఉండే అవకాశమే లేదు. మహారాష్ట్రలోని భీవండిలో పదేళ్లు మగ్గాలు నడిపి తిరిగి వచ్చేటప్పుడు అందరూ చీరలో గిన్నెలో తెచ్చుకుంటే, ఈయన మాత్రం ఒక అట్టపెట్టె నిండా బొమ్మల కార్డులు తెచ్చాడు. అక్కడ మగ్గాల షెడ్డుకు ఎదురుగా ఒక బొమ్మల దుకాణం ఉండేదట. ఆ దుకాణదారు కొడుకు సలీం మధ్యాహ్నం తిండి వేళ కాకను కూర్చోబెట్టుకుని ఆట నేర్పాడట. దుకాణం మూసేసినప్పుడు పెట్టె కాక చేతిలో పెట్టాడు.

ఆ ఆటకు పెద్ద ఇంగ్లీషు పేరుంది. మా గల్లీలో ఎవరికీ నోరు తిరగక 'కోటలాట' అనుకున్నాం. ఎవరికి వారు తమ దగ్గరున్న కార్డుల్లోంచి యాభై ఏరుకుని కట్ట కట్టుకోవాలి. వంతుకో కార్డు తీసుకుంటూ, కోటలు కట్టుకుంటూ, అవతలివాడి కోటలు కూల్చాలి. ఇందులో పందెం లేదు, ఇది పేకాట కాదు. ఈ మాట ఊరందరికీ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. మా వైపు పేకముక్కలను పత్తాలంటారు. చేతిలో కార్డు కనపడితే చాలు, పత్తాలాడుతున్నారనే అంటారు. వారానికోసారి మగ్గాలకు సెలవు వచ్చిన రోజు కాక తన వాకిట్లో చాప పరిచేవాడు. చీరలకు తొడిగే పల్చటి కవరును కత్తెరతో కత్తిరించి ఒక్కో కార్డుకూ తొడుగు తయారుచేసేవాడు. గల్లీలో పిల్లలందరం ఆ చాప మీదే. ఇంటర్‌లో మొదలుపెట్టి డిగ్రీ రెండో సంవత్సరం దాకా ఆడిన నేను అందరికన్నా పెద్దదాన్ని, అందరికన్నా మొండిదాన్ని.

ఆయన అసలు పాఠం చెప్పింది చాప మీద కాదు, మా ఊళ్లో ఆయన పనిచేసే మగ్గాల షెడ్డులో. ఒక రోజు ఆటలో నాకొచ్చిన అనుమానం తీర్చుకుందామని పరుగెత్తుకుంటూ షెడ్డుకు వెళ్లాను. నాలుగు మగ్గాల మధ్య తిరుగుతున్న కాక ఉన్నట్టుండి ఒక మగ్గం ఆపేశాడు. నాకేమీ కనపడలేదు. వంగి చూపిస్తే అప్పుడు కనపడింది, వేల పోగుల్లో ఒక్క పోగు తెగింది.

"గింత దానికి ఆపుడేంది కాకా? ఎవలకు కనవడతది?" అన్నాను.

"కనవడది బిడ్డా. నడిపితే బట్ట గూడ పెరుగుతది. గని బట్టతోని తప్పు గూడ పెరుగుతది. మూరెడైనంక ఆపితే మూరెడు విప్పాలె. గిప్పుడే ఆపితే ముడి ఏసుడే." ముడి వేసి, మగ్గం మళ్లీ నడిపి, "ఇగ చెప్పు, ఏం పరేషాన్ వచ్చింది నీకు?" అన్నాడు. నేను అడగాలనుకున్నది మరిచిపోయాను.

పెట్టెతో పాటు వచ్చిన ఆట రూల్స్ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. పదో తరగతి చదివిన కాక డిక్షనరీ పక్కన పెట్టుకుని దాన్నంతా తెలుగులో రాశాడు. ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఒక పేజీ చిరిగిపోయి ఉంది. తీసుకోవడానికి కట్టలో కార్డులు అయిపోతే ఏం చేయాలో ఆ పేజీలో ఉండాలి. సలీంతో ఆడినప్పుడు ఆటలు అందాకా సాగేవి కావట, తిండి వేళ అయిపోయేది. కాక ఆలోచించి ఆ ఖాళీ తానే పూరించాడు. మగ్గంలో కండెకు చుట్టిన నూలు అయిపోతే ఏం చేస్తాం? ఇంకో కండె పెట్టి మగ్గం నడుపుతాం. అలాగే కట్ట అయిపోతే, వాడేసిన కార్డులన్నీ కలిపి మళ్లీ కట్టగా పెట్టుకోవాలి. సిరిసిల్లలో పుట్టిన మనిషికి ఇంతకన్నా సహజమైన రూలు ఏముంటుంది? నాలుగేళ్లు మేమంతా అలాగే ఆడాం. నేనైతే ఆట సాగదీసి, రెండో కండె పెట్టి గెలవడంలో ఆరితేరాను.

ఇక కాక నోటుబుక్కు. భీవండి నుంచి సలీం ఏటా ఫోన్ చేసి జాతీయ పోటీల కబుర్లు చెబితే, కాక రూళ్లకర్రతో గడులు గీసి రాసుకునేవాడు. ఏ ఊళ్లో జరిగింది, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు. మొదటిసారి బెంగళూరులో ఒక పుస్తకాల దుకాణం మేడ మీద జరిగాయి, బల్లలు చాలక కొందరు నేల మీద కూర్చుని ఆడారు. రెండో ఏడు ముంబైలో వానకు రైళ్లు ఆగిపోయి, చివరి ఆట స్టేషన్లో పెట్టె బోర్లించి ఆడారు. ఈ దేశంలో ఆ పోటీల చరిత్ర ఇంకెవరైనా రాశారో లేదో నాకు తెలియదు, నేను చదివింది మాత్రం అదే. అందులో చివరి గడికి కాక పెట్టిన పేరు 'ఎక్కడ తెగింది'. ఓడినవాళ్ల ఆట ఎక్కడ పాడైందో అందులో రాసేవాడు. ఒకచోట 'తొందర' అని ఉంటుంది. ఇంకోచోట 'పొద్దుగాల్నుంచి ఏం తినలే' అని ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు పడీ పడీ నవ్వాను.

ఆ నోటుబుక్కు పట్టుకునే ఆయన మా ఇంటికి వచ్చాడు. ఆ ఏడు పోటీలు హైదరాబాదులో, ఎవరైనా పేరు ఇచ్చుకోవచ్చు. మా అవ్వ, అంటే అమ్మ, గడప దగ్గర బీడీలు చుడుతూ తల ఎత్తలేదు. నాన్నను బాపు అంటాం, ఆయన కూడా మగ్గాల మీద పనిచేసేవాడే, కోపిష్టి.

"ఆడివిల్లను పత్తాలాడెతందుకు పట్నం తోల్కపోతవా నర్సయ్యా? నీకేమన్న దిమాగ్ ఉన్నదా?"

"పత్తాలు గావన్నా. జర గిది చదువు," అని కాక నోటుబుక్కు ముందర పెట్టాడు. బాపు తిప్పాడు. గెలిచినవాళ్ల పేర్లు దాటేసి, చివరి గడి మీద వేలు పెట్టి చాలాసేపు చదివాడు.

"గెలుస్తదా ఇది?"

"గెలుస్తదని నేను చెప్తలేను. ఆడతది."

బాపు నోటుబుక్కు మూశాడు. "ఒక్కపారి పోనీ. మొదటి దినం దాటి రెండో దినం ఆటకు చేరిందా, ఇగ నేనేమనను. లేకుంటే మల్ల జన్మల గా ముక్కలు ముట్టద్దు." నేను అప్పుడే రెండో రోజు ఏ డ్రెస్సు వేసుకోవాలో ఆలోచిస్తున్నాను. అంత పొగరు నాకు.

మొదటి రోజు ఆరు ఆటలు. నాలుగు గెలిస్తే రెండో రోజుకు చేరినట్టే. మొదటి నాలుగింటిలో మూడు గెలిచాను. ఐదో ఆటలో ఎదురుగా కూర్చున్న కుర్రాడు కొత్తవాడు, ప్రతి కార్డునూ రెండుసార్లు చదువుకుని ఆడుతున్నాడు. ఆట సాగింది, నా కట్ట అయిపోయింది. అలవాటు ప్రకారం వాడేసిన కార్డులు కలిపి మళ్లీ కట్ట పెట్టుకున్నాను. అతను తన వంతు ఆడేశాడు. గెలిచాను. ఫలితం రాసిన కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం. చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల నిలబడ్డ కాక దగ్గరికి గంతులేసుకుంటూ వెళ్లాను. నాలుగు అయ్యాయి, రెండో రోజు నాదే.

కాక నా వైపు చూడలేదు. పక్క బల్లను చూస్తున్నాడు. అక్కడ ఒకతని కట్ట అయిపోయింది. తీయడానికి కార్డు లేదు. అతను నవ్వి, ఎదుటివాడికి చెయ్యి ఇచ్చి, ఓడినట్టు సంతకం పెట్టి లేచాడు. కాక తాడు మీద నుంచి వంగి ఇదేమిటని హిందీలో అడిగాడు. కట్ట అయిపోతే ఓటమే కదా అన్నాడతను, ఇది కూడా తెలియదా అన్నట్టు.

కాక మొహం చూసి నాకు విషయం అర్థమైంది. ఆయన ఆయుష్షులో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"తప్పు నాది బిడ్డా. గా చినిగిన పేజీ."

"ఎవ్వలు చూడలే కాకా," అన్నాను. "సంతకం గూడ అయిపోయింది. బాపు ఏమన్నడో నీకు తెల్వదా?"

"ఎరుకే." తాడు పట్టుకుని నా బల్ల వైపు చూశాడు. "మగ్గం నీది. ఆపుతవో, నడుపుతవో నువ్వే చూసుకో. నడిపినా నేను నిన్నేమనను."

ఆపమని గట్టిగా చెప్పి ఉంటే ఆయన మీద అరిచి, చెప్పకుండా ఉండేదాన్నేమో. 'నిన్నేమనను' అన్నాడు, అదే నన్ను నిలవనివ్వలేదు. వెళ్లి పెద్ద జడ్జి ముందు చెయ్యి ఎత్తాను. నెరిసిన జుట్టు మనిషి, నేను చెప్పిందంతా విని రెండుసార్లు అడిగాడు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా అని. వెనక నుంచి కాక "గల్తీ మేరా హై సాబ్, మైనే సిఖాయా" అని, తప్పు తనదని, నేర్పింది తానేనని హాలంతా వినపడేలా చెప్పాడు. నా గెలుపు ఆ కొత్త కుర్రాడికి వెళ్లింది. ఆరో ఆట గెలిచినా నాలుగయ్యేవి, అదీ పోగొట్టుకున్నాను.

తిరిగి వచ్చే బస్సులో కాకతో ఒక్క మాట మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆయనను అసహ్యించుకున్నాను. సిద్దిపేటలో దిగి సమోసాలు తెచ్చి ఇస్తే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన రెండు సమోసాలూ ఒళ్లో పెట్టుకుని సిరిసిల్లదాకా వచ్చాడు, తాను కూడా తినలేదు.

బాపు వాకిట్లోనే ఉన్నాడు. "చేరినవా?"

"లే." జరిగింది చెప్పాను, మధ్యలో ఏడుపు వచ్చింది.

"ఎవ్వలు చూడలేదా?"

"చూడలే."

"మరి నీ అంతట నువ్వే ఆపినవా?"

తల ఊపాను. బాపు చొక్కాకు అంటిన నూలు దూది ఒక్కొక్కటే ఏరి పారేశాడు. ముప్ఫై ఏళ్లు మగ్గాల మధ్య తిరిగిన మనిషి. లేచి లోపలికి పోతూ, "సెలవు నాడు నర్సయ్య చాప ఏస్తడు గదా, పో," అన్నాడు. షరతు మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సెలవు రోజు వెళ్లాను కానీ చాప మీద కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కాక పిల్లలందరినీ కూర్చోబెట్టి, "నాలుగేండ్ల సంది మీకు తప్పు నేర్పిన. రజిత పట్నంల ఓడింది నా తప్పుకు," అన్నాడు. ఎనిమిదో తరగతి శ్రావణి లేచింది. "అయితే మేం గెలిచినయన్నీ ఉత్తయేనా?"

"ఉత్తయెట్లయితయి? గా రూలుతోని గెలిచిన్రు. ఇగ గీ రూలుతోని గెలువుండ్రి," అని కొత్త పేజీ రాసి, అందరూ చూస్తుండగా తన పుస్తకంలో అతికించాడు. యాభై దాటిన మనిషి పిల్లల ముందు అలా కూర్చోవడం చూశాక నా కోపం ఏమైందో తెలియదు. వెళ్లి పక్కన కూర్చుని కార్డులు కలిపాను.

కొన్ని నెలలకు ఆ పెద్ద జడ్జి ఫోన్ చేసి జడ్జి పరీక్ష రాస్తావా అని అడిగాడు. "రూలు తెలియక ఓడినదాన్ని సార్," అన్నాను. "ఇక ఆ రూలు మరిచిపోవు కదా," అని నవ్వాడు. ఇప్పుడు మెట్‌పల్లి బడిలో లెక్కలు చెబుతాను, ఏడాదికోసారి సెలవు పెట్టి జాతీయ పోటీలకు జడ్జిగా వెళ్తాను. నేను జడ్జిగా ఉన్న పోటీలను కాక ఫోన్లో చూసేవాడు. సాయంత్రం ఫోన్ చేస్తే ఎవరు గెలిచారని అడిగేవాడు కాదు, ఎక్కడ తెగిందని అడిగేవాడు.

నాలుగేళ్ల కింద ఊపిరితిత్తులు పాడై కాక చనిపోయాడు. పదిహేను రోజుల తర్వాత ఆయన భార్య రాజవ్వ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు." నేను ఓడిన ఏటి పేజీ అన్నేళ్లలో ఒక్కసారీ తెరవలేదు, సిగ్గు. ఆ రోజు తెరిచాను. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు ఉన్నారు. కింద ఇంకో వరుసలో నా పేరు. 'ఎక్కడ తెగింది' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో 'నా దగ్గర. నర్సయ్య' అని రాసుకున్నాడు. దాని పక్కన, కాగితంలో జాగా లేక అంచులోకి కొత్తగా ఒక గడి గీశాడు. రూళ్లకర్ర జారి గీత వంకర పోయింది. ఆ గడికి పెట్టిన పేరు 'ఎవరు ఆపిన్రు'. అందులో 'రజిత' అని ఉంది. రాజవ్వ ముందే గట్టిగా ఏడ్చాను.

అప్పటి నుంచి ఆ నోటుబుక్కు నేనే రాస్తున్నాను. మొన్న మూడో ఆట జరుగుతుండగా చివరి వరుసలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. వెళ్లాను. "మేడమ్, ఒక కార్డు ఎక్కువ తీసిన. ఎదురున్నామె చూడలే," అంది, చెవులు ఎర్రబడి. ఎక్కువైన కార్డు కట్ట అడుగున పెట్టించి, ఆట సాగించమని చెప్పి, సంచిలోంచి నోటుబుక్కు తీశాను.

"పేరు రాస్కుంటున్నరా? నన్ను తీసేస్తరా మేడమ్?"

"తీసెయ్యను. ఊరేది మీది?"

"నస్పూర్."

ఆ వంకర గీత పక్కన, 'ఎవరు ఆపిన్రు' గడిలో ఆమె పేరు, ఊరు రాశాను. ఆమె అనుమానంగా ఒకసారి నన్ను చూసి, తన వంతు ఆడింది.