చక్ కీ మరిచినవాడి కథ

మొన్న విశ్వకర్మ పూజనాడు నేను చేసిన ఘనకార్యం హౌరాలో మన తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. చర్చిలో నన్ను చూసి పాట మధ్యలో నవ్వు ఆపుకుంటున్నారు. ఎవరో నాలుగు కలిపి చెప్పేలోగా నేనే చెప్పేస్తాను, వినండి.

సింహాచలం, నేను ఇక్కడే షాలిమార్ దగ్గరి ఫ్యాక్టరీలో ఒకేరోజు అప్రెంటిస్‌లుగా చేరాం. ఇద్దరి నాన్నలూ శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవు డాకుల్లో మూటలు మోసినవాళ్లే. వాడు డ్యూటీ దిగి చదువుకున్నాడు, ఆఫీసరయ్యాడు, వేరే కంపెనీలకు పోయాడు. ఏ ఫ్యాక్టరీ మూతపడబోతున్నా వాణ్ణే పిలిచేవారు. కొత్త మిషన్లు పెట్టి, ఉన్నవాళ్లకే పని నేర్పి నిలబెట్టేవాడట. అలా మూడు కంపెనీలను మార్చాడు. నేను ఇనుము చెక్కే ఒకే లేత్ మిషన్ ముందు ముప్ఫయ్యేళ్లు నిలబడి మూడు కళ్లజోళ్లు మార్చాను.

కుళ్లా అంటే, కుళ్లే. దాచను.

ఆ కుళ్లుకు నా దగ్గరో మందుండేది. అప్రెంటిస్ రోజుల్లో సింహాచలం ఒకసారి చక్‌లో కీ వదిలేసి స్విచ్ వేశాడు. చక్ అంటే లేత్‌లో ఇనప ముక్కను బిగించి పట్టుకుని తిరిగే దవడ. దాన్ని బిగించిన కీ తియ్యకుండా లేత్ తిప్పితే అది తుపాకి గుండులా ఎగురుతుంది. ఆ రోజు ఫోర్‌మన్ వాడి చెంప పగలగొట్టాడు. నలభై ఏళ్లుగా ప్రతి పెళ్లిలో, ప్రతి క్రిస్మస్ విందులో నేనా కథ చెబుతూనే ఉన్నాను. "చక్ కీ తియ్యడం రానోడు కంపెనీలు నడుపుతున్నాడట!"

ఇప్పుడు వాడే మా ఫ్యాక్టరీకి ఎండీగా వచ్చాడు. కంప్యూటరు మిషన్లు దించాడు. పూజకు నాలాంటి రిటైరైనవాళ్లందర్నీ పిలిచాడు. వెళ్లి చూద్దును కదా, నా లేత్ మీద సుద్దముక్కతో 'స్క్రాప్' అని రాసి ఉంది. ఎదురుగా గోడకి వాడి ఫొటోతో తలుపంత బ్యానరు.

"ఏటిరా, నా లేత్‌ని తుక్కుకి పంపేస్తన్నావా?" అన్నాను, అందరి ముందూ.

"అది నడవట్లేదురా దానియేలూ. సోమవారం లారీ వస్తాది."

"నడవకేటి? నడిపేవోడు లేడు గాని."

మా ఆవిడ మరియమ్మ నా చొక్కా పట్టుకు లాగింది. "ఆ ఖిచుడీ ఏదో తినేసి పోదాం రండి." ఎలక్ట్రీషియన్ బిమల్ అడ్డం వచ్చాడు. "దానియేల్‌దా, ఆజ్ హాత్ దేబేన్ నా." పూజనాడు మిషన్ మీద చెయ్యి వెయ్యకూడదు. అది నాకు తెలియదా? ముప్ఫయ్యేళ్లు నేనూ వెయ్యలేదు. కానీ సోమవారం లారీ వస్తుందంటున్నాడు. నాకు మరో రోజెక్కడిది?

మెయిన్ వేశాను. నా లేత్ జబ్బు నాకు తెలుసు. స్టార్టరు పెట్టె మీద అరచేత్తో ఒక్కటిచ్చి బటన్ నొక్కాను.

గుర్రుమని లేచింది. ఒక్క క్షణం ఎండీని నేనే అనిపించింది.

ఆ వెంటనే పూజ దండలోని బంతిపూలు జల్లులా ఎగిరాయి. ఏదో నా చెవి పక్కనుంచి రివ్వుమని పోయింది. ఠప్ మని చప్పుడు.

పూజ చేసినవాళ్లు చక్ కీని శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, చక్‌లోనే గుచ్చి, పైన దండ వేశారు. దండ ఎత్తి చూసుకోవాల్సింది స్విచ్ వేసేవాడు. అంటే నేను.

బిమల్ పరుగెత్తి మెయిన్ ఆపాడు. అందరూ బ్యానరు వంక చూస్తున్నారు. ఫొటోలో సింహాచలానికి ముక్కు లేదు.

"అంత గురి ఎప్పుడు నేర్చుకున్నారండీ?" అంది మరియమ్మ.

కావాలని చెయ్యలేదని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ నమ్మలేదు. నలభై ఏళ్ల ప్రచారం మరి!

సింహాచలం వెళ్లి కీ ఏరుకొచ్చాడు. నేను చెంప ముందుకు పెట్టాను. "కొట్టరా. అప్పుడు నిన్ను కొట్టారుగా."

"ఫోర్‌మన్ నన్ను ఒక్కసారే కొట్టాడు. నువ్వు నలభై ఏళ్ల బట్టి కొడతన్నావు." అని, జేబురుమాలు తీసి ఆ సుద్దరాత తుడిచేశాడు. "నడుస్తోంది కదా, ఉండనీ" అన్నాడు బిమల్‌తో.

ఇప్పుడు నా లేత్ ట్రైనింగు గదిలో ఉంది. దాని వెనక గోడకి చిల్లు పడ్డ బ్యానరు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం చెప్పమని సింహాచలం పెట్టింది నన్నే. చక్ కీ వదిలేసి స్విచ్ వేసిన మూర్ఖుడి కథతోనే మొదలుపెడతాను. అందరూ పడీపడీ నవ్వుతారు. ఎవరండీ ఆ మహానుభావుడు అని అడుగుతారు.

సరిగ్గా అక్కడే నాకు దగ్గొస్తుంది.