నాది నార్మలే

గవర్నర్‌పేటలో నేను పనిచేసిన రక్తపరీక్షల ల్యాబ్‌లో పెద్ద టెక్నీషియన్‌ని అందరం మాస్టారు అనేవాళ్లం. షుగర్‌కో థైరాయిడ్‌కో కొత్త కిట్ వస్తే, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కావాలి. ఆయన వెంటనే చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాది తియ్యమ్మా, నాది నార్మలే" అనేవారు. మందు, సిగరెట్ ముట్టని మనిషి. మా ల్యాబ్‌లో నార్మల్ అంటే ఆయనే.

ఒకసారి లివర్ క్యాన్సర్‌ని పసిగట్టే ఏఎఫ్‌పీ పరీక్ష కిట్ కొత్తగా వచ్చింది. అలవాటు ప్రకారం ఆయన రక్తమే పెట్టాను. పదిలోపు ఉండాల్సిన అంకె వందలు దాటింది.

"కిట్ పాడైనట్టుందండీ," అన్నాను. ఆయనా అదే అనుకుని, కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా కేకలేశారు. మర్నాడు వాళ్లు పంపిన రెండో కిట్‌లోనూ అంతే వచ్చింది.

"ఈసారి నీది పెట్టు," అన్నారు.

నాది మామూలుగానే ఉంది. ఆయన హెపటైటిస్-బి పరీక్ష చేసే పట్టీ తీసి, తన రక్తపు చుక్క తనే వేసుకున్నారు. రెండు గీతలు పడ్డాయి. కాలేయాన్ని మెల్లగా తినేసే ఆ వైరస్ ఒక్క నొప్పి కూడా తెలియనివ్వకుండా ఎన్నేళ్లుగా ఆయన ఒంట్లో ఉందో. అందరికీ చేసిన ఆ పరీక్ష ఆయన ఎప్పుడూ చేసుకోలేదు.

సాయంత్రం స్కానింగ్‌లో కాలేయంలో గడ్డ కనబడింది. ఆయన ఇంటికి వెళ్లకుండా తిన్నగా ల్యాబ్‌కే వచ్చారు.

"మొదటి కిట్ బాగానే ఉందమ్మా. కంపెనీ ఆయనకి ఫోన్ చేసి చెప్పు. పాపం, అనవసరంగా తిట్టాను."