రెండో మలుపు దగ్గర అధికారి

జెనెక్ నీళ్ళు చల్లే తీరంటే మా ఒల్షినెక్ ఊరంతటికీ గర్వం. బ్రేకుల్లేని మోటారుసైకిళ్ళ మీద నలుగురేసి కుర్రాళ్ళు పందెం కట్టి నాలుగు చుట్లు తిరిగే మట్టిబాట మా ఊళ్ళో ఉంది. దాని మీద నీళ్ళ ట్యాంకరు నడపడం అతని ఉద్యోగం. నీళ్ళు తక్కువైతే దుమ్ము లేచి ముందున్నవాడు వెనకవాడికి కనపడడు. ఎక్కువైతే జావలో గరిటెల్లా చక్రాలు దిగబడతాయి. ముప్పై ఏళ్ళుగా ఆ రెంటికీ మధ్య అతని లెక్క తప్పలేదు. పొరుగూరివాళ్ళు వచ్చి "మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగితే మీసం దువ్వుకుని "అనుభవం" అనేవాడు.

పచ్చి అబద్ధం. అతనికి ఏమీ తెలియదు. తెలిసిందల్లా అతని భార్య బోగుషకి.

రెండో మలుపులో, కంచెకి ఆనుకున్న మొదటి వరసలో కూర్చునేది ఆవిడ. ఒళ్ళో టీ ఫ్లాస్కు, జేబులో పొద్దుతిరుగుడు గింజలు. వేయించినవి నచ్చవు, పచ్చివే కొరికి పొట్టు కంచె అవతలికి ఉమ్మేది. బళ్ళు మలుపు తిరిగినప్పుడల్లా వెనకచక్రాల మట్టి వచ్చి ముఖాన కొట్టేది. చెంప మీద పడ్డ మట్టిపెళ్ళని గోటితో మీటేది. ఒక్క ముక్కగా ఊడొస్తే తడి సరిపోయినట్టే, ఏ సైగా చేసేది కాదు. బురదగా పులుముకుంటే అరచెయ్యి అడ్డంగా ఊపేది, ఆపమని. అంటకుండా దుమ్ములా రాలిపోతే ఫ్లాస్కు మూత ఎత్తి చూపించేది, పొయ్యమని. ఊరు గెలిచిన కప్పులన్నీ ఆ చెంప పుణ్యమే. ఈ సంగతి అప్పట్లో మొగుడూ పెళ్ళాలకి తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఏమయ్యా, రేపు నేను పోతే ఏం చేస్తావు?" అని అడిగేది అప్పుడప్పుడు.

"నీకంటే ముందు నేనే పోతాలే."

"అవును, అన్నిటికీ నన్ను తోసుకుని ముందు నిలబడే రకమేగా నువ్వు. పులుపు సూపు గిన్నె దగ్గర కూడా."

ఈ ఒక్కదాంట్లో మాత్రం ఆవిడే ముందుంది. చలికాలం చివర, మంచు ఇంకా కరగకముందే వెళ్ళిపోయింది.

ఆ ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆఖరి పోటీని మా ఊరికిచ్చారు. ప్రేగ్‌లో, కార్డిఫ్‌లో, స్వీడన్‌లో ఒక్కో పోటీ అయ్యాక చివరికి అందరూ ఒల్షినెక్ రావాలి. మా కుర్రాడు సెవెరిన్ అందులో ఆడుతున్నాడు. దాంతో ఊరి కళ్ళు రెండు చోట్ల పడ్డాయి. సెవెరిన్ చక్రం మీద ఒకటి, జెనెక్ ట్యాంకరు మీద ఒకటి.

వసంతంలో ఊరి జట్టు ఆడిన మొదటి పందేనికి జెనెక్ అలవాటుగా రెండో మలుపుకేసి చూశాడు. సీటు ఖాళీ. కంగారులో రెండు ట్యాంకర్లు కుమ్మరించాడు. ఒక బండి నిలువునా దిగబడితే ట్రాక్టరుతో లాగారు, ట్రాక్టరు దిగబడితే అగ్నిమాపక బండి వచ్చింది. తర్వాతి పందేనికి భయపడి చుక్క కూడా చల్లలేదు. లేచిన దుమ్ములో ఎవరు గెలిచారో ఎవరికీ తెలియలేదు. రెఫరీ మైకులో "ఎవరైనా చూశారా?" అని అడిగాడు. రెండు జట్లూ మొక్కుబడిగా చెరొక విజయయాత్ర చేసుకుని ఇళ్ళకి పోయాయి.

క్లబ్ అధ్యక్షుడు లుబోమీర్ పిలిపించాడు. "చూడు జెనెక్, మీ ఇంట్లో జరిగింది నాకు తెలుసు, బాధగానే ఉంది. కానీ ఇంకొక్కసారి ఇలా అయితే ఆఖరి పోటీకి ట్యాంకరు ఇంకొకడికిస్తాను. నువ్వు పోయి బీట్‌రూట్ చేలు తడుపుకో."

ఆ వారమే, బోగుష సీటుకి ఎదురుగా, కంచె మొదట్లో ఒక మొక్క కనిపించింది. ఆవిడ కొరక్కుండా జారవిడిచిన గింజ అయ్యుంటుంది. జూన్ కల్లా అది కంచె పైనుంచి తొంగి చూసింది. వెడల్పాటి ఆకులు, సరిగ్గా ఆవిడ ముఖం ఉండే ఎత్తులో. ఒక పందెం తర్వాత ఊసుపోక జెనెక్ ఆకు మీది పెళ్ళని గోటితో మీటాడు. ఒక్క ముక్కగా ఊడొచ్చింది. వెంటనే పక్క ఆకు మీదిది కూడా మీటి చూశాడు.

అక్కణ్ణుంచి పందేనికి పందేనికి మధ్య ట్యాంకరు ఆపి, ఆకుని మీటి, "చాలా? ఇంకా కావాలా?" అని అడిగేవాడు. ట్రాక్ మళ్ళీ వెనకటిలా కుదురుకుంది. జట్టు గెలవసాగింది. ఊరివాళ్ళు మొక్కతో మాట్లాడే మనిషిని చూశారు, గెలుపుని చూశారు, రెంటినీ ముడేశారు. చలేస్తుందని దానికి జట్టు కండువా కట్టారు. బళ్ళని దీవించడానికొచ్చిన ఫాదరు మొక్క మీద కూడా పవిత్రజలం చల్లితే, "ఎక్కువైపోతుందండీ!" అని జెనెక్ ఆయన చేతిలో చెంబు లాక్కున్నాడు.

సెప్టెంబరులో అంతర్జాతీయ సమాఖ్య తరఫున ఓలుఫ్ అనే డెన్మార్క్ ఆయన ట్రాక్ కొలిచే టేపు పట్టుకుని వచ్చాడు.

"కంచె లోపల ఇదేమిటి?"

"మా సిబ్బందండి," అన్నాడు లుబోమీర్ తడుముకోకుండా.

"అనుమతి కార్డేది?"

"కార్డుంటే ఉండనిస్తారా?"

"కార్డుంటే నాకు అభ్యంతరమేముంది?"

మొక్కకి కార్డు చేయించబోతే, పువ్వు ముఖం సూటిగా లేదని మొదటి ఫొటో తిరగ్గొట్టారు. ఇద్దరు మనుషులు తల పైకెత్తి పట్టుకుంటే రెండోది తీశారు. "నీటి పర్యవేక్షణ" అని రాసి కాడకి తగిలించారు. ఓలుఫ్ ఫొటోనీ పువ్వునీ మార్చి మార్చి చూసి, తలాడించి వెళ్ళిపోయాడు.

ఆఖరి పోటీ నాటికి సెవెరిన్ మొదటి స్థానానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. స్టేడియంలో ఇసకేస్తే రాలడం లేదు. మొదటి విరామంలో జెనెక్ మొక్క దగ్గర ఆగి ఆకు మీద గోరు పెట్టాడు. ఆకు పొడుం పొడుమై రాలిపోయింది.

గింజ ముదిరితే ఆకు ఎండుతుంది. పల్లెలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. తలచుకోలేదంతే. ఇంకో ఆకు పట్టుకున్నాడు, అదీ అంతే. తల ఒక్కటే కార్డు వేసుకుని కిందికి చూస్తోంది.

"జెనెక్ గారూ, ఏమంటోంది?" అని అరిచారు వెనక నుంచి.

"ఏమీ అనడం లేదురా," అన్నాడు.

జెనెక్ ట్యాంకరు దిగాడు. కంచెకి కాలెత్తి వేసి, మోకాలు పట్టేసి, ఇద్దరు లాగితే అవతల పడ్డాడు. పోయి బోగుష సీట్లో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోని చోటు.

పందెం మొదలైంది. మొదటి చుట్టులోనే గుప్పెడు మట్టి ఎగిరొచ్చి ముఖాన పడింది. కళ్ళలో, ముక్కులో, నోట్లో. రెండో చుట్టుకి రాళ్ళు. మూడు గజాలు పక్కకి జరిగి కూర్చుంటే ఏమీ తగలదు, పక్కవాళ్ళు హాయిగా సాసేజి తింటున్నారు.

"అమ్మో," అన్నాడు జెనెక్. "ఇక్కడా కూర్చున్నావు ఇన్నేళ్ళూ?"

దుమ్ము అంటకుండా రాలిపోయింది. పందెం అవగానే లేచి, చెప్పిన మాట విన్నవాడిలా ట్యాంకరెక్కి సగం ట్యాంకు చల్లాడు. ప్రతి విరామానికీ అదే తంతు. దిగడం, దాటడం, దెబ్బలు తినడం, తడపడం. జనం అతన్ని అటూ ఇటూ అందించుకోవడం నేర్చుకున్నారు.

ఆఖరి పందెంలో సెవెరిన్, ఒక స్వీడన్‌వాడు చివరి మలుపు పక్కపక్కన తిరిగారు. సెవెరిన్ చక్రం నుంచి పెద్ద పెళ్ళ లేచి తిన్నగా జెనెక్ కళ్ళూ చెంపలూ కప్పేసింది. జనం లేచి అరిచారు, తర్వాత "అయ్యయ్యో" అన్నారు.

"పోయిందండీ!" అని పక్కనున్న మనిషి అతని భుజం కుదిపాడు. "అరచక్రం తేడాలో మనవాడికి కప్పు పోయింది! చూశారా?"

జెనెక్ చూడలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెంప మీది పెళ్ళ అంచుకి గోరు పెట్టి మెల్లగా మీటాడు. ఒక్క ముక్కగా ఊడి ఒళ్ళో పడింది.