ఈశాన్యమూల మొదలైన ఒంటెలు

సౌదీలో ఉండనిచ్చే ఇకామా కార్డుమీద భోజన్న పనిపేరు పదకొండేళ్లుగా ‘ఆమిల్’ అనే ఉన్నది, అంటే కూలీ. మెట్‌పల్లి దగ్గరి పల్లెనుంచి బురైదాకు వచ్చిననాడు అతడు సిమెంటు బస్తాలు మోసిన కూలీయే. కాని ఆ తరువాత మసీదులలో కాళ్లూచేతులూ కడుక్కునే వజూఖానాలలో, కలిగినవారి వంటిళ్లలో, ఆసుపత్రి వసారాలలో అతడు పరచిన నేలలకు లెక్కలేదు. మట్టపుగొట్టంతో పనిలేకుండా అరచేత తడిమి నేల వాటం చెప్పగలిగినవాడు. పని మేస్త్రీది, పేరు కూలీది. ఆ మాట మార్చి ‘ముబల్లిత్’, అనగా నేల పరిచే మేస్త్రీ, అని వ్రాయించుకోవాలన్నదే అతని కోరిక. ఊరి కొత్త ఉద్యానవనంలో నేలమీద పరిచే రంగుపెంకుల బొమ్మ సరిగా కుదిరితే, దానిని గీసిన సల్మా టీచరమ్మ మెచ్చి ఒక ఉత్తరం ఇస్తే, కార్డు మార్పిస్తానని కంపెనీని నడిపించే ముదీరు మాట ఇచ్చాడు.

ఆ బొమ్మ పని విచిత్రమైనది. చిలకపచ్చ, నీలం, కుంకుమవన్నె పెంకులను ముందుగానే బొమ్మగా అమర్చి, రంగువైపు కాగితాలకు అంటించి, మూరెడు చదరాలుగా కోసి పంపారు. కాగితాలు తొంభయ్యారు. ప్రతిదానిమీద అరబ్బీ అంకె ఉన్నది. అంకెలు భోజన్నకు వచ్చు, అక్షరాలే రావు. పెంకు వెనుకవైపంతా ఒకే మట్టిరంగు. అందుచేత పరిచేవాడికి కాగితమే తప్ప బొమ్మ కనబడదు. గమ్ము సిమెంటు బిగిసిన తరువాత కాగితం తడిపి ఒలిచినప్పుడే అందులో ఏమున్నదో తెలిసేది.

కాగితాలతోపాటు వచ్చిన నక్షాలో ఒకటో అంకె పై వరుసలో కుడిచివర ఉన్నది. పక్కనే పైకి చూసే బాణం. భోజన్న ఎరిగిన నక్షాలన్నింటిలో అటువంటి బాణం ఉత్తరాన్నే చూపుతుంది. ఉత్తరం పైకి ఉంటే కుడిమూల ఈశాన్యం. అది చూడగానే అతని మనసు కుదుటపడింది. తండ్రివద్ద బేతంచెర్ల బండలు పరచడం నేర్చిననాటినుంచి ఈశాన్యంలో కాక మరోచోట మొదటి రాయి పెట్టినవాడు కాడు. పనివాళ్లు వచ్చే దక్షిణపు చిన్నగేటు దిక్కుకు వెనకడుగు వేస్తూ, తొమ్మిది రోజులలో తొంభయ్యారు కాగితాలనూ అంకె తప్పకుండా పరిచాడు. ఉత్తరాన ఉన్న పెద్దగేటు ఇంకా తెరవలేదు. దాని సంగతే అతనికి తట్టలేదు.

పదోనాడు పొద్దున కాగితాలు ఒలిచాడు. ఈతచెట్లు, మధ్యన బావి, దాని చుట్టూ నీళ్లకు వంగిన ఆరు ఒంటెలు తేలివచ్చాయి. ఒక్క సందు కూడా వంకరపోలేదు. మురిసిపోయి ఫొటో తీసి ఇంటికి పంపితే, కూతురు కావ్య వెంటనే ఫోను చేసింది.

“బాపూ, మస్తుంది. ఒంటెలు గిట్ల వంగి ఏం తాగుతున్నయే?”

“నీళ్లు బిడ్డా! బాయి గనవడ్తలేదా?”

ఆ మురిపెం గంటసేపైనా నిలువలేదు. కడప దిక్కునుంచి వచ్చిన ఫోర్‌మన్ మహబూబ్ బాషా, ఆనాడే తెరిపించిన పెద్దగేటులోనుంచి వచ్చి అడుగు వేయబోయి ఆగిపోయాడు.

“ఏమప్పా భోజన్నా! ఒంటెలకు ఏమి పెడితివి? అన్నీ కాళ్లు పైకెత్తుకోని పండుకున్యాయే!”

“పరాచకాలు ఆడకు భాయ్. మంచిగ నిలవడ్డయి గదా.”

“నిలబడ్డాయా? ఈడికొచ్చి సూడు.”

భోజన్న వెళ్లి చూశాడు. ఈతచెట్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. బావి బోర్లించిన కుండవలె ఉన్నది. పరుగున మళ్లీ దక్షిణానికి వచ్చాడు. అంతా సవ్యంగానే ఉన్నది. అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తిరిగాడు. అంకెలు సరే, వాటం సరే, సందులు సరే. తప్పేదో కనబడితే తనను తాను తిట్టుకొనేవాడు. కనబడలేదు. ఒకే నేల ఒకచోట నిలిచి చూస్తే మేస్త్రీ పని, మరొకచోట నిలిచి చూస్తే తెలివిలేనివాడి పని!

బాషా నక్షా తెప్పించి బాణం పక్కనున్న సన్నటి అక్షరాలు చదివాడు. “ఇది ఉత్తరం గాదప్పా. గేట్లో నుంచి వచ్చేవాళ్లు నడిచే దిక్కు.” నక్షా మడిచి గొంతు తగ్గించాడు. “సాయంత్రం ఆ టీచరమ్మ వస్తాది. నువ్వు నోరు మెదపాకు. బాణం తిక్కగా గీసినారు, తప్పు నక్షాదే అని నేను చెప్తా.”

“ఆమె తప్పంటే ఉత్తరం ఎట్లిస్తది? నా తప్పంటే కార్డు పాయె. అసలు తప్పెవలిదో నాకే సమజైతలేదు భాయ్.”

సాయంత్రపు అసర్ నమాజు తరువాత సల్మా టీచరమ్మ వచ్చింది. గేటువద్ద నిలిచి బొమ్మను ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. పిమ్మట, మొదటి కాగితం ఎక్కడ పెట్టావని బాషాద్వారా అడిగింది. భోజన్న దాచలేదు, ఈశాన్యమూల చూపి, బాణాన్ని ఉత్తరమనుకొన్నాననీ, పని ఆ మూలనే మొదలుపెట్టడం తమ ఆచారమనీ చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి, తాను అనుకొన్న మూల అది కాదన్నట్లు గేటునుంచి చూస్తే కుడివైపున ఉన్న దూరపు మూలను వేలితో చూపింది.

“నైరుతిలనా!” ఉన్నచోటు మరచి భోజన్న గట్టిగా అనేశాడు. “నైరుతిల ఎవలన్న మొదలువెడ్తరా అమ్మా!”

బాషాకు నవ్వు ఆగలేదు. ఆ మాటను అరబ్బీలో ఎట్లా చెప్పాడో భోజన్నకు తెలియదు. ఆమె నవ్విందో లేదో నల్లని ముసుగు వెనుక కనబడలేదు. ఆమె బొమ్మ అంచువెంట నడిచి దక్షిణాన రేగుచెట్టు నీడలోని అరుగుమీద కూర్చున్నది. ఉద్యానవనంలో నీడ ఉన్నది అక్కడే. కూర్చునే చోటూ అదే. అక్కడినుంచి చూస్తే ఒంటెలు నిలబడే ఉన్నాయి. నక్షాను ఒళ్లో పెట్టుకొని ఒకసారి తిప్పింది, మళ్లీ తిప్పింది. కలం తీసి దాని వెనుక ఏదో వ్రాసి భోజన్న చేతికిచ్చి వెళ్లిపోయింది.

అతడు ఆ అక్షరాలను తేరిపార చూశాడు. “భాయ్, సక్కగనే పట్టుకున్ననా?”

బాషా కాగితం అందుకొని చదివాడు. “‘ఇతడు నేర్పుగల ముబల్లిత్. బొమ్మను ఉన్నది ఉన్నట్టే ఉంచండి. తరువాతి బొమ్మకు మొదటి కాగితం నేనే దగ్గరుండి పెట్టిస్తాను.’”

“గిది మెచ్చుకునుడా, తిట్టుడా?”

“ఏమో అప్పా. నాకూ తెలీలా.”

ముదీరు మొదటి వాక్యం వరకే చదివినట్లున్నాడు. నెల తిరగకముందే కార్డు మారి వచ్చింది. శుక్రవారం సెలవునాడు భోజన్న ఒక్కడే ఉద్యానవనానికి పోతాడు. రేగుచెట్టుకింద కూర్చున్నంతసేపూ తానే మేస్త్రీ. పెద్దగేటుదగ్గర నిలిచి, కాళ్లు ఆకాశానికెత్తిన ఆరు ఒంటెలను చూసినప్పుడు మాత్రం అతని చేయి జేబులోని కార్డును ఒకసారి తడుముకొంటుంది.