నూజివీడులో ఇరవై రెండడుగుల కెరటం

నూజివీడు వాళ్ళు సముద్రం చూడాలంటే బస్సెక్కి బందరు దాకా పోవాలి. అలాంటి నూజివీడులోకి నేను ఒంటిచేత్తో సముద్రాన్ని తెచ్చాను. ఒక్క చుక్క నీళ్ళు లేకుండా మా మేనమామ మామిడితోటను నిలువునా ముంచాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. కాసేపయ్యాక మా అత్తయ్య మొహం గుర్తొస్తే నాకు చెప్పడం కూడా కష్టమవుతుంది.

అరవైల నాటి మాట. నేను బొంబాయిలో కంప్యూటరు మీద పనిచేసేవాణ్ణి. ఇప్పటిలా ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు కాదండీ, దాని ఒళ్ళోనే మనం కూర్చోవాలి. ఒక పెద్ద హాలంతా అదే. మా గదుల్లో ఫ్యాను కూడా లేదు గానీ ఆ మహారాజుకి ఏసీ. అట్టముక్కలకు చిల్లులు పొడిచి మేపితే లెక్కలు కట్టేది. తుఫాను కేంద్రం ఎక్కడుందో, అక్కడ గాలి పీడనం ఎంతో చెబితే, మనం అడిగిన చోట గాలి వేగమెంతో, కెరటం ఎత్తెంతో చెప్పే ప్రోగ్రాము ఒకటి నేను రాశాను. సముద్రంలో తిరిగే ఓడల కోసం రాశాను. ఈ చివరి మాట మీరు గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయాను.

ఆ ఏడు మే నెలలో సెలవు పెట్టి మా మేనమామ వెంకటరత్నం ఇంటికి వచ్చాను. ఆయనకున్నదల్లా ఒక రసాల తోట. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి, పిల్లల చదువులు, అన్నీ ఆ కాపులోంచే రావాలి. కాయ ఇంకా పరువుకు రాలేదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. చెట్టు మీద పండిన తొలిపండు దానంతట అది రాలాలి, దాన్ని దేవుడి ముందు పెట్టాలి, అప్పుడే కాయలు దించే చిక్కం కట్టిన గెడ తోటలోకి వెళ్ళాలి. తొందరపడి కోస్తే రసం కాయ పండదు, వడిలిపోయి ముసలమ్మ చెంపలా ముడతలు పడుతుంది.

బంగాళాఖాతంలో తుఫాను పట్టిందని రేడియోలో చెప్పారు. తోటలవాళ్ళంతా ఆకాశం కేసి చూస్తుంటే నేను పోస్టాఫీసు కేసి నడిచాను. రేడియోలో విన్న వివరాలన్నీ, నూజివీడు అక్షాంశ రేఖాంశాలూ టెలిగ్రాం కొట్టి, నూజివీడుకి లెక్క కట్టి చెప్పమని బొంబాయిలో నాతో పనిచేసే రాజమండ్రి మూర్తికి పురమాయించాను. మర్నాడు పోస్టాఫీసుకి ట్రంకాల్ వచ్చిందంటే మామయ్యా నేనూ పరిగెత్తాం. ఆ రోజుల్లో ట్రంకాల్ అంటే బహిరంగ సభే. అటు వాళ్ళు అరిస్తే ఇటు బజారు దాకా వినపడేది.

"గాలి గంటకి ఎనభై మైళ్ళురా," అన్నాడు మూర్తి. "ఇంకోటుంది విను, కెర..." అంటుండగానే మూడు నిమిషాలు అయిపోయి లైను తెగింది. తెగితే తెగింది, మామిడికాయకి గాలి లెక్క చాలదా అనుకున్నాను.

మామయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అత్తయ్య మాత్రం తొలిపండు రాలకుండా చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదని అడ్డం తిరిగింది. కంప్యూటరు అబద్ధమాడదని ఆవిడకి ఒక ఉపన్యాసమిచ్చాను.

"ఒరే, నువ్వు కోసెయ్యమంటే కోసేస్తాను," అన్నాడు మామయ్య. "కోశాక మళ్ళీ అతికించలేం. ఆలోచించుకుని చెప్పు."

నేను ఆలోచించలేదు. "కోసెయ్యి మామయ్యా," అన్నాను.

ముసునూరు నుంచి కూలీల్ని పిలిపించాం. మొదట చిక్కంతో ఒక్కొక్క కాయా పదిలంగా దించారు. మబ్బు పట్టేసరికి కొమ్మలు పట్టుకుని దులిపేశారు. చీకటి పడే వేళకి తోటలో ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. తుఫాను వచ్చి చెయ్యాల్సిన పనంతా మేమే చేసేశాం, దానికంటే శుభ్రంగా.

తుఫాను బందరు దగ్గర ఒడ్డెక్కి నీరసించిపోయింది. మా దాకా వచ్చిన గాలి దండెం మీది తువ్వాలు ఎగరేసింది, నాలుగు చినుకులు రాల్చింది, వెళ్ళిపోయింది. తెల్లారి చూస్తే పక్క తోటలో కాసిని కాయలు రాలాయి, తక్కినవన్నీ నిక్షేపంగా ఊగుతున్నాయి. గాలీ లేదు, వానా లేదు, మా తోట పేరు ఖాళీలింగం.

మామయ్య తిడతాడనుకున్నాను. తిట్టలేదు, దానికే నాకు భయం వేసింది. నన్ను వెంటపెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళి, బొంబాయికి తనే కాల్ బుక్ చేసి, గంట మోగగానే తనే ఫోను అందుకున్నాడు.

"బాబూ, నేను వీడి మేనమామనండి. ఆవేళ మీరు చెప్పబోయిన రెండోది ఏంటండీ?"

"కెరటమండీ. నూజివీడులో ఇరవై రెండడుగులు."

ముద్రలు కొడుతున్న పోస్టుమాస్టరు చెయ్యి పైనే ఆగిపోయింది. మామయ్య ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒడ్డు ఎక్కడ పడిందండీ? మా తోటకి ఇవతలా, అవతలా?"

అటు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. "వీడు రాసిన దాంట్లో ఒడ్డు లేదండీ," అన్నాడు మూర్తి చివరికి. "ఎటు చూసినా సముద్రమే. నూజివీడు సముద్రంలో ఊరేమో అనుకున్నానండీ నేను."

గాలికి అడ్డొచ్చే చెట్టూ, గట్టూ, అసలు నేలనేదే నా లెక్కలో లేదు. నేను పుట్టిన ఊరిని నడిసముద్రంలో పెట్టి గాలి కొలిపించాను. లైను ఇంకొక్క క్షణం నిలబడి ఉంటే ఆ కెరటం మాట విని అప్పుడే తెలుసుకునేవాణ్ణి. రాజమండ్రి వాడికి నూజివీడు ఎక్కడుందో తెలియకపోవడం మరో తుఫాను, దాని సంగతి వాళ్ళ మాస్టారు చూసుకోవాలి.

అత్తయ్య కాయల గుట్ట ముందు కత్తిపీట వేసి నా కేసి చూసింది. ఆ చూపు కంటే తుఫానే నయం. ఊరగాయకి పోగా మిగిలిన కాయలన్నీ కోసి ఒరుగులు ఎండబెట్టాం. ఎండ మటుకు ఆ ఏడు దంచికొట్టింది. సెలవంతా కోస్తూనే ఉన్నాను. మామయ్య ఆ ఒరుగులు మూటలు కట్టి చింతలపూడి సంతలో కూర్చుని అమ్మాడు. చెట్టు రసాలకి పేరున్న మనిషి ఒరుగుల మూట ముందు కూర్చోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడు పిల్లల చదువు అలాగే గట్టెక్కింది.

మరుసటేడు ఎర్రటి ఎండలో నూజివీడులో బస్సు దిగాను. బజారు నిండా జనం. మామయ్య ఎదురొచ్చి నా చేతిలో పెట్టె అందుకుని, అందరికీ వినపడేలా అడిగాడు:

"పడవ ఎక్కడ కట్టేశావురా?"

కనుక మహాజనులారా, నా కంచంలోని ఒరుగుల పప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ లెక్క కట్టినా ముందు కాలితో తన్ని నేల ఉందో లేదో చూసుకుంటాను. ఉన్నా సరే, తొలిపండు రాలిందో లేదో అత్తయ్యని అడిగాకే నోరు తెరుస్తాను.