చింతపండు సీజన్‌లో కడతాను

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను మా ఇంటి పరువు తీశాను. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ వానాకాలం నేను పడ్డ భయం మాత్రం పగవాడికి కూడా వద్దు. 

మాది శబరి నది ఒడ్డున కోంటా అనే ఊరు. బజార్లో నాన్నకు కిరాణా కొట్టు, దాని వెనకే చింతపండు గోదాము ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉప్పు, నూనె, సబ్బులు ఏడాది పొడుగునా మా కొట్లో ఉద్దెర తీసుకుంటారు. సీజన్‌లో చింతపండు తెచ్చి పోసి బాకీ తీరుస్తారు. మధ్యలో అడగడం లేదు, వడ్డీ లేదు. పండు మాకే అమ్మాలి, అందులో మాకు మిగిలేది మిగులుతుంది, నాన్న మరీ అమాయకుడేం కాదు లెండి. కానీ బాకీ కోసం ఎవరి గడపా తొక్కకూడదన్నది ఆయన పట్టుదల. ఆ కొట్లోనే పుట్టి పెరిగిన నాకు అప్పంటే అంతే. తీసుకోవడం, సీజన్ వచ్చేదాకా హాయిగా నిద్రపోవడం.

ఒకసారి సరుకు కోసం జగదల్‌పుర్ వెళ్తే, మొబైల్ షాపు ముందు టై కట్టుకున్న కుర్రాడొకడు నన్ను "సార్" అన్నాడు. అప్పటిదాకా నన్నెవరూ సార్ అనలేదు. అక్కడే పడిపోయాను. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను, ఎండాకాలానికి క్రెడిట్ కార్డు చేతికొచ్చింది. దాంతో ఫోను కొన్నాను, బూట్లు కొన్నాను, స్నేహితులందరికీ బిర్యానీ పెట్టించాను. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెప్పే గడియారం కూడా కొన్నాను. ఈ గడియారాన్ని గుర్తు పెట్టుకోండి, దీని సంగతి ముందుంది.

బిల్లు వచ్చింది. అందులో మొత్తం కట్టాల్సింది ఒకటి, కనీసం కట్టాల్సింది ఒకటి, రెండు అంకెలున్నాయి. నాకు చిన్నదే నచ్చింది. రెండు నెలలు అదే కట్టి, బ్యాంకువాళ్లు ఎంత మంచివాళ్లో అని మురిసిపోయాను. మూడో నెల అది కూడా ఎందుకులే అని మానేశాను. అప్పుడు ఫోన్ మోగింది. బ్యాంకు నుంచి ఒకమ్మాయి, చక్కటి తెలుగులో.

"సార్, మీ డ్యూ డేట్ అయిపోయింది. పేమెంట్ ఎప్పుడు చేస్తారు?"

"సీజన్ల కడతనమ్మ."

"ఏ సీజన్ సార్?"

"చింతపండు సీజన్. ఫిబ్రవరిల మొదలైతది."

అటు నుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. సీజన్ రాసుకుంటోందేమో అనుకున్నాను.

"సార్, ఇది జులై."

"అవునమ్మ. ఎంతసేపు, చూస్తుండగనే వస్తది."

"సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్. లేట్ ఫీజు పడింది. వడ్డీ కూడా నడుస్తోంది, నెలకు నూటికి మూడు రూపాయల పైనే."

"అదేంది, మినిమం కట్టిన గద?"

"అది చాలావరకు వడ్డీకే పోయింది సార్."

మణికట్టు మీద గడియారం కీచుమంది. మీ గుండె వేగం ఎక్కువగా ఉంది, కాసేపు కూర్చోండి అని రాసి చూపించింది. నేను కూర్చునే ఉన్నాను.

ఇక రోజూ ఫోన్లే. అమ్మాయి గొంతు పోయి మగ గొంతు వచ్చింది. చివరికి ఆ గొంతు, "నేనే వస్తున్నా, కొట్టు కాడ ఉండు" అంది. దాంతో నా పైప్రాణాలు పైనే పోయాయి. బాకీ కోసం ఎవరి గడపా తొక్కని మనిషి గడప ముందుకు, కొడుకు మూలంగా అప్పులవాడు రావడమా? నాన్న ముఖం ఎలా చూడను? అన్నం సయించలేదు. బజార్లో బండి ఆగితే చాలు గోదాములో దూరేవాణ్ణి. కరెంటు మీటరు చూసేవాడొస్తే దాక్కున్నాను. హెల్మెట్ పెట్టుకొచ్చిన సొంత మేనమామను చూసి కూడా దాక్కున్నాను.

ఒకరోజు కుండపోత వానలో నిజంగానే అతను వచ్చాడు. నేను చింతపండు బస్తాల వెనక గొంతుక్కూర్చుని, సందులోంచి చూస్తూ వింటున్నాను.

"సేఠ్, మీ కొడుకు చందు ఉన్నడా?"

"ఉండాలె, యాడికో పొయినట్టున్నడు. ముందు తల తుడుచుకో బిడ్డ, జరం వస్తది. పనేంది?"

"పర్సనల్ సేఠ్, ఆయనకే చెప్పాలె."

నాన్న టవల్ ఇచ్చాడు, చాయ్ పోయించాడు. నన్ను నిలువునా ముంచడానికొచ్చిన వాడికి బిస్కెట్ పొట్లం కూడా విప్పి పెట్టాడు. అతను చాలాసేపు చూసి, ఇక సుక్మా వెళ్లాలి, ఒక రెయిన్‌కోట్ ఇమ్మన్నాడు. డబ్బు ఫోన్లో పంపుదామంటే నెట్‌వర్క్ లేదు. జేబులో చూస్తే అన్నీ తడిసిన కాగితాలే.

"పైసల్లేవు సేఠ్, కోటు వద్దు తియ్యి."

"నెత్తిన వాన పెట్టుకొని పైసల మాటేంది? తొడుక్కో. ఉన్నప్పుడు ఇయ్యి."

అతని బండి చప్పుడు దూరమయ్యాక, గండం గడిచిందని నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు కీచుమంది గడియారం. ఆపుదామని ఏదో నొక్కితే ఇంకా గట్టిగా అరిచింది.

నాన్న వచ్చి బస్తా జరిపాడు. నెత్తి నిండా చింతపీచుతో నేను లేచి నిలబడ్డాను.

"ఏందిరా ఇది?"

"గుండె నాన్న."

తర్వాత దాచడానికేం మిగల్లేదు. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. "మన గడపకు అప్పులోడు ఎన్నడు రాలేదురా" అని ఒక్కమాట అన్నాడు. ఆ మాటకంటే రెండు దెబ్బలేసినా బాగుండేది. సీజన్‌లో పండు కొనడానికి దాచిన డబ్బు తీసి మొత్తం కట్టేశాడు, కార్డు మూయించేశాడు. హమాలీల బదులు ఆ సీజనంతా బస్తాలు నేనే మోశాను.

రెయిన్‌కోటు డబ్బు మాత్రం రాలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది, ఆ సీజనూ పోయింది. ఒక్క ఫోన్ చేస్తానని నాన్న వెంట పడ్డాను. అతని నంబరు నాకు కంఠస్థం మరి.

"చేస్తే వాళ్లకు మనకు తేడా ఏముంటదిరా?" అన్నాడు నాన్న.

మొన్న ఆ నంబరే మోగింది. పాత అలవాటు కొద్దీ ఫోను గల్లాపెట్టెలో పడేసి నేను గోదాములోకి పరిగెత్తాను. నాన్న తీసి స్పీకర్‌లో పెట్టి హలో అన్నాడు.

"సేఠ్, కోటు పైసలు... జీతం ఇంకా పడలే. జర టైమ్ ఇస్తవా?"

"ఫికర్ చెయ్యకు బిడ్డ. చింతపండు సీజన్ల ఇద్దువు."

కనక గోదాములో, ఈ కాటా సాక్షిగా, నెత్తిన చింతపీచుతో ప్రమాణం చేస్తున్నాను. చింతపండు సీజన్ ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ల దగ్గర ఈ జన్మలో అప్పు చేయను.