పనసచెక్క పెట్టెతో పెనుగొండకు

మామగారి షష్టిపూర్తికి అల్లుళ్లు పట్టుబట్టలు తీసుకెళ్తారు. నేను ఒక మోటారు, ఒక ఇనప పళ్లెం, ఒక లైబ్రరీ పుస్తకం పట్టుకుని తునిలో తెల్లవారుజాము పాసింజరు ఎక్కాను. పట్టుబట్టలు నా భార్య కామేశ్వరి పదిరోజుల ముందే పుట్టింటికి తీసుకెళ్లింది, నామీద నమ్మకం లేక.

పెనుగొండలో మా మామగారిది బట్టల వ్యాపారం. మా పెళ్లయిన కొత్తలో ఆయన కొన్న కరెంటు గ్రామఫోను ఒకటి ఆ ఇంట్లో ఉండేది. దాని తీగను రేడియోకి తగిలిస్తే పాట రేడియోలోంచి వస్తుంది. కొన్నేళ్లుగా అది తిరగడం మానేసింది. దాని పెట్టెను చెదలు తినేశాయి. మా తోడల్లుడు ప్రసాదు ఏలూరులో ఎరువుల వ్యాపారి. పోయిన దసరాకి మెరిసిపోయే టేపురికార్డరు ఒకటి తెచ్చి, "ఇంక ఆ తుప్పు పాతసామానువాడికి ఇచ్చేద్దాం మావయ్యగారూ" అన్నాడు. మామగారు ఆ యంత్రం మీద దుమ్మును పైపంచెతో తుడిచారు. అది చూసి నేను ఊరుకోలేకపోయాను. "దాన్ని నేను బాగుచేస్తానండీ" అన్నాను.

ఇంట్లో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో నన్ను పుస్తకాల అల్లుడు అంటారు. ఆ మాట అనేటప్పుడు కొంచెం నవ్వుతారు కూడా.

"షష్టిపూర్తి దాకా చూద్దాం" అన్నారు మామగారు. "ఆవేళ పాడితే ఇంట్లో ఉంటుంది. పాడకపోతే ప్రసాదుగారు చెప్పినట్టే."

అలా ఆ యంత్రం బుట్టలో పడి తుని వచ్చింది. మాకు అక్కడ కిరాణా కొట్టు ఉంది. కొట్టు కట్టాక నేను నేరుగా లైబ్రరీకి వెళ్తాను. ఇప్పటికి మూడు బీరువాలు పూర్తిచేశాను. కిరోసిన్‌తో కడిగి, ఎండిన గ్రీజు గోకి, కుట్టుమిషను నూనె వేస్తే మోటారు తిరిగింది. అది చిన్న విజయమే. అక్కడితో ఆగి ఏ మామిడి పలకకో బిగించి ఉంటే ఈ ప్రయాణం గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు. కానీ లైబ్రరీలో ధ్వని గురించిన పుస్తకం ఒకటి దొరికింది. అందులో వీణను పనసచెక్కతో ఎందుకు చేస్తారో, తొలిచిన దాని కుండ నాదాన్ని ఎలా పెంచుతుందో వివరంగా ఉంది. అది చదివాక నాకు నిద్రపట్టలేదు. వీణకు పనస అయితే గ్రామఫోనుకు మాత్రం ఎందుకు కాకూడదు? ఈ ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదని గర్వపడ్డాను. ఎందుకు రాలేదని ఆలోచించలేదు.

పాసింజరులో నా ఎదురుగా తమలపాకుల బుట్టతో ఒకావిడ కూర్చుంది.

"ఆ బుట్టలో ఏంటి బాబూ, కోళ్లా?"

"కాదమ్మా, పాటల యంత్రం."

"మరి పాడదేంటి?"

"పాడుతుంది. దానికి పెట్టె కావాలి."

"మా ఆయన ఏ పెట్టే లేకుండా పాడతాడు, ఆపలేక చస్తున్నాను" అందావిడ.

నా పక్కన తెల్లచొక్కా మాస్టారు ఒకాయన ఉన్నారు. తమ చర్చిలో హార్మోనియం వాయిస్తానని చెప్పారు. సరైన శ్రోత దొరికాడని పుస్తకం తెరిచి గాలి, నాదం, చెక్క అన్నీ మొదలుపెట్టాను. అన్నవరం రాగానే ఆయన "వస్తానండి, దిగాలి" అని లేచారు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి చూస్తే, ఆయన పక్క పెట్టెలోకి ఎక్కుతున్నారు.

పిఠాపురంలో దిగేసరికి బాగా ఎండెక్కింది. కుక్కుటేశ్వరుడి గుడివైపు వెళ్లే దారిలో వీణలు బాగుచేసే ఆచారిగారి ఇల్లు. కిందటి నెలలోనే కొలతలు ఇచ్చి వెళ్లాను. పెట్టె సిద్ధంగా ఉంది. పసుపురంగు పనసచెక్క, లోపలంతా పల్చగా తొలిచి, అంచుల్లో లతలు చెక్కి, చూడటానికి కన్నులపండువగా ఉంది. ఆచారిగారు వేలితో కొట్టారు. ఖంగుమంది. నేనూ కొట్టాను. ఇంకా బాగా ఖంగుమంది.

"ఎలా ఉందండీ?"

"అద్భుతం ఆచారిగారూ."

"నాలుగు తీగలు కడితే వీణేనండి బాబూ. దగ్గితే పలుకుద్ది."

ఆయన నిజంగానే దగ్గి చూపించారు. పెట్టె పలికింది. ఇద్దరం పిల్లల్లా దానిముందు చాలాసేపు దగ్గాము. లోపలినుంచి వాళ్లావిడ శొంఠి కాఫీ పంపించింది.

మోటారునూ పళ్లేన్నీ అందులో బిగించి, భోజనం చేసి, మధ్యాహ్నం బండికి రాజమండ్రి బయల్దేరాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: సామర్లకోటలో బండి ఆగినంతసేపూ ఇడ్లీ దొరుకుతుంది, కానీ ఒళ్లో పనసపెట్టె ఉన్నవాళ్లు లేవలేరు.

రాజమండ్రిలో మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఒకటి నాకు తెలుసు. మోటారునూ పళ్లేన్నీ కలిపే రబ్బరుచక్రం రాయిలా గట్టిపడింది. అది మార్చాలి. కొట్టు యజమాని నాగేశ్వర్రావుగారు పాత యంత్రాల గుట్టలో వెతికి మంచి చక్రం తీసి వేశారు.

"యాంప్లిఫయరుకి తగిలించి చూద్దామంటే కరెంటు పోయిందండి. రేపు పొద్దున్న రండి."

"రేపు పొద్దున్న మా మామగారి షష్టిపూర్తండి."

ఆయన పెట్టెను తట్టి, తల గోక్కున్నారు. "పనసా? పాడుద్దిలెండి" అన్నారు. ఆ మాటలో అనుమానాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

సత్రంలో పెట్టెను తలకింద పెట్టుకుని పడుకున్నాను. పక్కాయన గురక అందులోంచి రెట్టింపై వినిపించింది. దాన్ని కూడా శుభసూచకమే అనుకున్నాను.

మర్నాడు మొదటి బండి ఎక్కాను. గోదావరి వంతెన మీద అందరూ చిల్లర వేసి దండం పెట్టుకున్నారు. నేను నా పేరున ఒకటి, మోటారు పేరున ఒకటి వేశాను. గోదావరమ్మ మోటారు మొర విన్నట్టుంది గానీ నాది వినలేదు. నిడదవోలులో తణుకు బండి బాగా ఆలస్యంగా వచ్చింది. తణుకులో బస్సెక్కబోతే కండక్టరు పెట్టె చూసి, "పైన వేయండి" అన్నాడు.

"పైన వెయ్యకూడదండీ. వీణ చెక్క."

"అయితే మీరూ పైనెక్కి వాయించుకుంటూ రండి."

బస్సంతా నవ్వింది. చివరికి ఒక పెద్దాయన జరిగి చోటిచ్చారు.

నేను పెనుగొండ ఇంట్లో అడుగుపెట్టేసరికి అరవయ్యేళ్ల పెళ్లికొడుకు పెళ్లికూతురి నెత్తిన తలంబ్రాలు పోస్తున్నారు. కామేశ్వరి నా చెమట చొక్కానూ, చంకలోని పెట్టెనూ చూసిన చూపు ఇక్కడ రాయను.

భోజనాలయ్యాక హాల్లో అందరూ చేరారు. పెట్టె అందాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేను తీగను రేడియోకి తగిలించి, మామగారికి ఇష్టమైన నాటకం పద్యాల రికార్డు పెట్టి, ముల్లు దించాను. పద్యం వచ్చింది. దానివెనక తేనెటీగల గుంపు లాంటి రొద కూడా వచ్చింది. మామగారు ముందుకు వంగారు.

"కొంచెం పెద్దది చేయండి అల్లుడుగారూ."

పెద్దది చేశాను. అంతే, పెట్టె ఆంబోతులా రంకె వేసింది. రేడియో మోతకు పెట్టె అదురుతోంది, ఆ అదురు ముల్లులోకి ఎక్కి రేడియోలోంచి మళ్లీ మోతగా వస్తోంది. చంటిపిల్లలు ఏడ్చారు. పెరట్లో ఆవు బదులు పలికింది. నేను రేడియో ఆపేశాను.

ప్రసాదు టేపురికార్డరు తెచ్చి మెల్లగా బల్లమీద పెట్టాడు. అతను నవ్వి ఉంటే బాగుండేది.

"కుదరలేదా అల్లుడుగారూ?" అన్నారు మామగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆ యంత్రాన్ని ఆయన చూసిన చూపు ఊరికి పోయేవాళ్లని బస్సెక్కించేటప్పటి చూపులా ఉంది.

పెట్టె ఎత్తుకుని బియ్యం గదిలోకి వెళ్లి కూర్చున్నాను. కామేశ్వరి వెనకే వచ్చింది.

"ఏవండీ, అసలు దీన్ని వీణలా ఎందుకు చేయించారు?"

పుస్తకం తీసి కుండ సిద్ధాంతమంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"వీణ పాడాలి, నిజమే. ఇందులో పాడాల్సింది రికార్డు కదండీ? పెట్టె ఎందుకు పాడటం? ఇది నోరు మూసుకుని కూర్చోవాలి గానీ."

మూడు బీరువాల చదువుకి ఆ ప్రశ్న తట్టలేదు. ఆ క్షణంలోనే అత్తగారు పళ్లెం నిండా ఊడ్చి ఎత్తిన తలంబ్రాల బియ్యంతో గదిలోకి వచ్చారు.

"ఇవి కాళ్లకింద పడకూడదమ్మా. ఎక్కడ పోయను?"

నేనూ కామేశ్వరీ ఒకేసారి పెట్టెకేసి చూశాం.

బట్టల ఇంట్లో గుడ్డముక్కలకి కొదవా? పంచెల పీలికల్లో తలంబ్రాలను చిన్న చిన్న మూటలు కట్టి, మోటారుకి తగలకుండా పెట్టె లోపలంతా కుక్కాం. చాలకపోతే గదిలోని బస్తాలోంచి తీశాం. వేలితో కొట్టి చూశాను. ఖంగుమనలేదు. దుప్పటి మీద కొట్టినట్టు మెత్తగా ధప్‌మంది. ఆచారిగారు వింటే ఏడ్చేవారు.

మళ్లీ హాల్లోకి తెచ్చాను. "ఇంకా ఉందా?" అని ఎవరో గొణిగారు. పిల్లల్ని బయటికి పంపించారు. ముల్లు దించాను. పద్యం వచ్చింది, రొద రాలేదు. మామగారు తనే లేచి రేడియో పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. పద్యం చివర రాగం తీసేచోట ఆయన కళ్లు మూసుకుని గాయకుడితో పాటు తనూ రాగం తీశారు, ఊపిరి చాలక మధ్యలో దగ్గారు. పెట్టె పలకలేదు.

"బియ్యానికి పురుగు పడుతుంది అన్నయ్యగారూ" అన్నాడు ప్రసాదు నాతో, పెట్టెలోకి తొంగిచూసి. కానీ బల్లమీంచి టేపురికార్డరు తనే తీసేశాడు.

రెండ్రోజులకి కామేశ్వరితో తిరుగుప్రయాణం. బస్సు దాకా వచ్చిన మామగారు నా చేతిలో బరువైన గుడ్డమూట పెట్టారు. విప్పితే ఆగిపోయిన గోడగడియారం.

"మీరే చూడాలి అల్లుడుగారూ."

ఆ ఇంట్లో నాకు అంతకన్నా పెద్ద సన్మానం లేదు. నిడదవోలు దాటాక గర్వంగా లైబ్రరీ పుస్తకం తెరిచాను. వీణ దగ్గర ఆపిన చోటునుంచి ఒక్క పేజీ తిప్పాను. ఆ తర్వాతి అధ్యాయమే గ్రామఫోను గురించి. దాని పెట్టె బరువుగా, చెవిటిదిగా ఉండాలని మొదట్లోనే ఉంది. చటుక్కున మూశాను. కామేశ్వరి చూడనే చూసింది.

గోదావరి వంతెన వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. వంతెన మీద చిల్లర తీసి నీళ్లలోకి వేసి, దండం పెట్టుకుంది.

"ఏమని మొక్కావు?"

"గడియారం విప్పేలోపల పుస్తకం పూర్తిచేసే బుద్ధి మీకు పుట్టాలని."

ఎదురుగా కూర్చున్నాయన నా ఒళ్లో మూటకేసి చూసి అడిగారు, "అందులో ఏంటండీ?"

చెప్పబోయాను. కామేశ్వరి మోచేత్తో పొడిచింది.

"ఏమీ లేదండి, పాత గడియారం" అన్నాను. రైలెక్కాక నేను ఒక్క వాక్యంతో ఆపిన జవాబు అదొక్కటే. ఆయన తుని దాకా పక్క పెట్టెలోకి వెళ్లలేదు.